పుషి గృహప్రవేశం

మనవంటి సంస్థలలో పనిచేసే కుటుంబాలకు బదిలీ కొత్త సంగతి కాదు. ఉత్తర్వు చేతికి అందిన రోజు నుంచే ఇంట్లో ఒక జాబితా మొదలవుతుంది. పిల్లల టి.సి.లు, గ్యాసు కనెక్షను, బ్యాంకు ఖాతా, మీటరు రీడింగు, క్వార్టరు ఖాళీ చేసినట్టు ధ్రువపత్రం, లారీవారితో బేరం. పదవీ విరమణ అయితే ఆ జాబితా ఇంకా పెరుగుతుంది. పూలకుండీలు ఎవరికి ఇవ్వాలో కూడా అందులో రాసుకుంటాము. కాని వరండాలో పడుకొని, వంటింటి గడప దగ్గర అరిచి అన్నం పెట్టించుకొనే పిల్లి పేరు అందులో కనిపించడం అరుదు. కుక్క అయితే వెంట వస్తుంది, లేదా ఎవరికో ఒకరికి అప్పగింత జరుగుతుంది. పిల్లి విషయంలో మాత్రం "దానికేమి, నాలుగిళ్ళు తిరిగి బతికేస్తుంది" అనుకోవడం మనకు అలవాటు. ఆ మాటలో నిజమెంతో, ఖరగ్‌పూర్‌లోని మా పుట్టింట గడిపిన ఒక నెల సెలవులో నాకు తెలిసివచ్చింది.

ఖరగ్‌పూర్ అనగానే పాఠకులలో చాలామందికి అక్కడి ప్లాట్‌ఫారం గుర్తుకు వస్తుంది. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారం, 2013లో గోరఖ్‌పూర్‌ది వచ్చేవరకు, ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది. తెలుగువారికి ఆ ఊరితో ఉన్న సంబంధం అంతకంటె పొడవైనది. వాల్తేరు నుంచి కటకం వరకు ఉన్న రైలుమార్గం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. ఆ కంపెనీవారి పెద్ద వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి ఫిట్టర్లుగా, వడ్రంగులుగా, ఖలాసీలుగా మనవారు తరతరాలుగా అక్కడికి తరలిపోయారు. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడినాక కూడా, 2003లో తూర్పు కోస్తా రైల్వే వేరుపడేవరకు, వాల్తేరు డివిజను, ఖరగ్‌పూర్ ఒకే జోనులో ఉండేవి. అందువల్లనే మథురాకాటి, నింపురా, ఛోటా టెంగ్రా వంటి చోట్ల నేటికీ మన మాట, మన ఇడ్లీ చట్నీ దొరుకుతాయి. మా నాన్నగారు ఆ వర్క్‌షాపులో బోగీల వడ్రంగిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మా తమ్ముడు అదే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మా నాన్నగార్లు, తమ్ముడు, మరదలు, ఎనిమిదేళ్ళ మేనకోడలు, అందరూ మథురాకాటిలోని ఒక రైల్వే క్వార్టరులో ఉంటున్నారు.

మా ఇంటికి మూడు లైన్ల అవతల మరొక తెలుగు కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దాయన మార్చి నెలాఖరున రిటైరయ్యారు. స్వగ్రామం శ్రీకాకుళం జిల్లాలోనిది. సామాను కట్టే రోజున లారీ వచ్చింది, మంచాలు విప్పారు, బీరువాలు ఈడ్చారు, కొత్త మనుషులు లోపలికీ బయటికీ తిరిగారు. ఆ అలికిడికి ఇంటి పిల్లి ఎటో మాయమయింది. రైలు ఆ రాత్రికే. పెద్దమ్మగారు పళ్ళెంలో చేప ముక్క పెట్టుకొని, గొంతు బొంగురుపోయేదాకా లైనంతా తిరిగి పిలిచారట. పిల్లి రాలేదు. తాళం అప్పగించి, ఏడుస్తూ రిక్షా ఎక్కారు. వారిని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. భయపడిన పిల్లి పిలిస్తే రాదు, చీకటి పడి, అంతా సద్దుమణిగాక గాని బయటపడదు. సామాను కట్టడానికి ముందే దానిని ఒక చిన్న గదిలోనో, స్నానాల గదిలోనో పెట్టి తలుపు వేయడమే దీనికి ఉపాయం. ఈ ఒక్క వాక్యం మన బదిలీ జాబితాలో మొదటి వరుసలో చేరితే ఎన్నో పిల్లులు మిగిలిపోకుండా ఉంటాయి.

పిల్లి మరునాటి రాత్రి తిరిగి వచ్చింది. తలుపుకు తాళం ఉన్నది. అది వరండాలో, తాను ఎప్పుడూ పడుకొనే గోనెసంచి మీద, తలుపు వైపు ముఖం పెట్టి కూర్చున్నది. ఇరుగుపొరుగువారు అన్నం విసిరితే చీకటిపడ్డాక తినేది, కుక్కలు వస్తే నీళ్ళ పంపు గోడ ఎక్కేది, మళ్ళీ వచ్చి తలుపు ముందు కూర్చొనేది. ఇలా పదకొండు రోజులు. బడికి వెళుతూ వస్తూ చూసిన మా మేనకోడలు పన్నెండవ రోజున అన్నం తిననని మొండికేసింది. నేను ఊరు చేరినది ఆనాడే.

తెలుపు, నలుపు, నారింజ కలిసిన మూడు రంగుల పిల్లి అది. పేరు పుషి. ఇటువంటి మూడు రంగుల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే కావడం విశేషం. నారింజ రంగును తెచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నది. ఆడపిల్లికి ఆ క్రోమోజోములు రెండు ఉంటాయి కనుక ఒకదాని నుంచి నారింజ, మరొకదాని నుంచి నలుపు వస్తాయి. ఆ జన్యువు ఏదో 2025లో గాని శాస్త్రజ్ఞులు తేల్చలేదు.

కుక్క మనిషిని నమ్ముకుంటుందని, పిల్లి ఇంటిని నమ్ముకుంటుందని పెద్దలంటారు. అది సగం నిజమేనని నా అభిప్రాయం. అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వారు 2019లో ప్రచురించిన పరిశీలనలో, సుమారు 64 శాతం పిల్లికూనలు తమను సాకే మనిషి దగ్గర చంటిపిల్లల మాదిరే ధైర్యం పొందుతున్నట్టు తేలింది. అయితే పిల్లికి ఇల్లంటే వాసనలతో గీసుకున్న పటం. గోడ మూలలకు, తలుపు చెక్కలకు చెక్కిళ్ళు రుద్ది అది తన గుర్తు వేసుకుంటుంది. ఆ గుర్తులు లేనిచోట అది పరాయి దేశంలో ఉన్నట్టే. మన పుషికి మనుషులు పోయారు, పటం మాత్రం మిగిలింది. ఆ పటాన్ని వదిలి మూడు లైన్లు ఇవతలికి రమ్మనడం ఎలా? కొత్త ఇల్లు పాత ఇంటికి ఇంత దగ్గరగా ఉండడమే ఇక్కడి అసలు చిక్కు. ఊరు మారితే తిరిగి పోయే దారి ఉండదు. ఇక్కడ గోడ దూకితే చాలు.

ఇంట్లో మొదటి అభ్యంతరం అమ్మది. "పొద్దున్నే లేచి పిల్లి మొహం చూడమంటారేమిటి? మీ నాన్న, తమ్ముడు డ్యూటీకి బయలుదేరేటప్పుడు అది అడ్డం వస్తేనో?" అన్నది. నాన్నగారు రిటైరై ఏళ్ళయినా అమ్మ లెక్కలో ఆయన ఇంకా డ్యూటీకి వెళుతున్నట్టే. పక్క క్వార్టరులోని బెంగాలీ మాశీమా ఈ మాట విని నవ్వారు. బెంగాలీలలో పిల్లి షష్ఠీదేవి వాహనం. పిల్లలను కాపాడే తల్లి షష్ఠి. జ్యేష్ఠమాసంలో అల్లుళ్ళను పిలిచి భోజనం పెట్టే జామాయ్ షష్ఠి ఆ దేవి పేరిట వచ్చినదే. అందుచేత వారి ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లిని కొట్టనివ్వరు. ఒకే గోడకు ఇటు అపశకునం, అటు దేవి వాహనం! అమ్మ మెత్తబడినది ఆ శాస్త్రానికి కాదు. శ్రీకాకుళం నుంచి పెద్దమ్మగారు ఫోను చేసి, "ఒసే, దాన్ని ఒక్కసారి చూసి రావే" అని ఏడ్చినందుకు. ఫోను పెట్టేసి, "సామాన్ల గది ఖాళీ చెయ్యండి. వంటింట్లోకి మాత్రం రానివ్వను" అన్నది.

నాన్నగారికి పిల్లులు కొత్త కావు. వర్క్‌షాపులో సీట్ల దిండ్లు కుట్టే చోట, సరకు గోదాములో ఎలుకల బాధకు పిల్లులను చేరదీసేవారని చెబుతారు. ఆ మాటకొస్తే ప్రభుత్వాలే పిల్లులను ఉద్యోగంలో పెట్టుకున్న దాఖలాలున్నాయి. లండనులో మనియార్డర్ల ఆఫీసు 1868లో మూడు పిల్లులను వారానికి ఒక షిల్లింగు భత్యం మీద, ప్రొబేషను పద్ధతిన నియమించింది. జపానులో కిషి అనే చిన్న స్టేషనుకు తమా అనే పిల్లి 2007 నుంచి 2015లో కన్నుమూసేవరకు స్టేషనుమాస్టరు. టోపీ కూడా ఉండేది. అదికూడా మూడు రంగుల ఆడపిల్లే. ఈ సంగతి చెప్పాక మా తమ్ముడు పుషిని "మేడమ్" అనడం మొదలుపెట్టాడు.

దానిని పట్టడం మాత్రం నవ్వులాట కాలేదు. రెండు సాయంత్రాలు ఎండుచేపతో ఊరించి, మూడవనాడు మూత ఉన్న వెదురుబుట్టలోకి ఎక్కించేసరికి తమ్ముడి మణికట్టు మీద రెండు గీతలు పడ్డాయి. నాన్నగారు వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించారు. వీధిలో తిరిగిన, టీకాలు పడని పిల్లి రక్కినా కరిచినా పసుపు అద్ది ఊరుకోకూడదు. రేబిస్ పిల్లుల వల్ల కూడా వస్తుంది, వచ్చిన తరువాత మందు లేదు. మరునాడే ఆసుపత్రిలో సూదిమందు మొదలుపెట్టారు. మొదటిరోజు, ఆపై 3, 7, 28వ రోజులు.

సామాన్ల గది పెరటి వైపున ఉన్నది. పట్టుమని రెండు మంచాలు పట్టని గది. అంత చిన్న చోటే కావాలి. ఇల్లంతా ఒకేసారి చూపిస్తే పిల్లికి దాక్కోవడానికే రోజులు సరిపోవు. తెలియని వాసనలు నాలుగు దిక్కుల నుంచి మీద పడతాయి. ఒక్క గది అయితే రెండు మూడు రోజులలో దాని పటం గీసుకోగలుగుతుంది. గదిలో ఒక మూల పాత వరండా నుంచి తెచ్చిన గోనెసంచి, దానిపై అడ్డంగా పడుకోబెట్టిన అట్టపెట్టె. వేరొక మూల ఎనామిలు పోయిన బేసినులో ఇసుక. తిండి, నీళ్ళు ఇసుకకు వీలైనంత దూరం. ఈ అట్టపెట్టె సంగతి చిన్నదిగా తీసివేయరాదు. హాలెండులోని ఒక సంరక్షణ కేంద్రంలో 2014లో చేసిన ప్రయోగంలో, దాక్కోవడానికి పెట్టె ఇచ్చిన పిల్లులు ఇవ్వనివాటికంటె త్వరగా తేరుకున్నాయని తేలింది. దాగే చోటు ఉన్నదన్న నమ్మకంతోనే పిల్లి బయటికి వచ్చే ధైర్యం తెచ్చుకుంటుంది.

మేనకోడలికి మేము పెట్టిన నియమం ఒక్కటే. పెట్టెలో చెయ్యి పెట్టకూడదు, పుషిని బయటికి లాగకూడదు. "మరి నేనేం చెయ్యాలి అత్తా?" అన్నది. నేల మీద కూర్చొని, దాని వైపు చూడకుండా, తెలుగు వాచకం పైకి చదువుకొమ్మన్నాను. మనిషి గొంతుకు, ఉనికికి అది అలవాటు పడాలి. అమ్మాయికి బడిలో చెప్పేది తెలుగు కాదు. నాన్నగారు ఇంట్లో దిద్దించే పాఠం రోజూ మూలిగి చదివేది. పిల్లి కోసం ఆ నెలలో రెండు వాచకాలు పూర్తిచేసింది.

మొదటి రెండు రోజులు పుషి పెట్టె వదలలేదు, మెతుకు ముట్టలేదు. ఇది ఉపేక్షించదగినది కాదు. పిల్లి రెండు మూడు రోజులు బొత్తిగా తినకపోతే ఒంటిలోని కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి రావచ్చు. లావుపాటి పిల్లులకు ఆ ప్రమాదం మరీ ఎక్కువ. మూడవనాటి ఉదయం పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలని నిశ్చయించుకున్నాము. ఆ రాత్రి నాన్నగారు గోల్‌బజారు నుంచి తెచ్చిన పరిగెలను, బెంగాలీలు పుంటి అంటారు వాటిని, ఉప్పు కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి, గోరువెచ్చగా పెట్టి తలుపు మూశారు. వేడికి వాసన లేస్తుంది. పిల్లికి ఆకలి ముక్కులో ఉంటుందని ఆయన అంటారు. తెల్లవారి చూస్తే పళ్ళెం కడిగినట్టున్నది. ఇసుక కూడా తవ్వి కప్పి ఉన్నది. ఆ ఇసుకను చూసి ఇంటిల్లిపాదీ అంత సంతోషించడం నా ఎరుకలో అదే మొదటిసారి.

అమ్మ సంతోషం కొద్దీ గిన్నెడు పాలు పెట్టింది. పిల్లి పాలు తాగుతుందన్నది మనకు పుట్టుకతో వచ్చిన నమ్మకం. మన సామెతలన్నీ దానికి సాక్ష్యం. కాని ఎదిగిన పిల్లులలో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. పుషికీ అదే అయింది. తెనాలి రామకృష్ణుని పిల్లి కథ అందరికీ తెలిసినదే. రాయలవారు పిల్లిని, దానికి పాలకోసం ఆవును ఇస్తే, ఆయన మరిగే పాలు పెట్టి నోరు కాల్చి, ఆ పిల్లి పాలు చూస్తేనే పారిపోయేటట్టు చేశాడట. మనవాళ్ళు ఆ కథ విని ఇన్నాళ్ళూ పిల్లి మీద జాలిపడుతున్నాము. ఆవు పాలు తప్పినందుకైతే జాలి అక్కరలేదు. దానికి కావలసినవి మంచినీళ్ళు.

పాలతో తీరని చిక్కు శనివారంతో వచ్చింది. మా ఇంట్లో శనివారం నీచు వండరు. అమ్మ పెరుగన్నం కలిపి పెడతానన్నది. ఒక పూట అయితే ఫరవాలేదు. కాని పిల్లిని శాకాహారిగా మార్చడం సాధ్యపడదు. టారిన్ అనే పదార్థాన్ని చాలా జంతువులు ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. పిల్లి తనకు చాలినంత చేసుకోలేదు, మాంసం చేపల నుంచే పొందాలి. అది లోపిస్తే చూపు పోతుందని 1975లో, గుండె కండరం బలహీనపడుతుందని 1987లో నిరూపించారు. నాన్నగారు చర్చ పెట్టలేదు. పెరట్లో రేకు చూరు కింద పాత కిరసనాయిలు స్టవ్వు వెలిగించి, శనివారాల వంట తాను చేస్తానన్నారు. అమ్మ చూడనట్టు ఊరుకున్నది. మాంసమైనా చేపైనా మన కూరలో ముక్క తీసి పెట్టరాదని కూడా చెప్పాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను నాశనం చేస్తాయి. జ్వరానికి మనం వేసుకొనే పారాసిటమాల్ ఒక్క బిళ్ళ దాని ప్రాణం తీయడానికి చాలు.

ఇంటింటా ఉండే మరొక అపాయం ఫినైలు. అమ్మ రోజూ ఫినైలుతో నేల తుడిపించేది. అందులోని ఫినాలు జాతి రసాయనాలను పిల్లి కాలేయం విరిచివేయలేదు. తడి నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే విషం లోపలికి పోతుంది. పైగా పిల్లి గోడలకు రుద్దుకున్న గుర్తులన్నీ ఆ ఘాటుకు చెరిగిపోతాయి. సబ్బునీళ్ళతో సరిపెట్టాము. ఇసుక బేసిను మాత్రం రోజూ శుభ్రం చెయ్యాలి. గర్భిణులు ఆ పని ముట్టుకోకపోవడం మంచిది.

వారం దాటాక పుషి పెట్టె అంచున తల పెట్టి పడుకోవడం మొదలుపెట్టింది. పిల్లి వైపు తేరిపార చూస్తే దానికి అది బెదిరింపు. కళ్ళు సగం మూసి మెల్లగా తెరిస్తే స్నేహం. బ్రిటన్ పరిశోధకులు 2020లో దీనిని ప్రయోగం చేసి చూశారు. మేనకోడలు రెప్పలు వాల్చింది, పుషి కూడా వాల్చింది. ఆ సాయంత్రం అమ్మాయి ఇల్లంతా తిరిగి అందరికీ కళ్ళు మూసి చూపించింది. పేరు మార్చి లక్ష్మి అని పెడదామన్నది మరదలు. వద్దన్నాను. పిల్లులు తమ పేరును ఇతర మాటల నుంచి వేరుగా గుర్తుపడతాయని జపాను పరిశోధకులు 2019లో చూపారు. అన్నీ పోగొట్టుకొని వచ్చినదానికి పేరైనా మిగలనివ్వాలి కదా.

పన్నెండవ రోజున మా లైనులో మాతా పూజ. డప్పులు, బాణాసంచా. పుషి మళ్ళీ పెట్టె అడుగుకు చేరింది. ఆ గండం గడిచిందనుకున్న రెండు రోజులకు, మధ్యాహ్నం ఆకాశం నల్లబడి కాలబైశాఖి విరుచుకుపడింది. బెంగాలు వేసవిలో వచ్చే ఆ గాలివాన ఎరిగినవారికే తెలుసు. ఎర్రమట్టి దుమ్ము సుడి తిరిగి, నిమిషాలలో చెట్లు విరుగుతాయి. సామాన్ల గది కిటికీ గడియ ఊడి రెక్క తెరుచుకున్నది. వాన వెలిసి చూసేసరికి పెట్టె ఖాళీ.

ఎక్కడికి వెళ్ళిందో అందరికీ తెలుసు. తెల్లవారుజామున నాన్నగారు టార్చిలైటు, ఎండుచేపల డబ్బా తీసుకొని బయలుదేరారు. నేను వెంట నడిచాను. పాత క్వార్టరు వరండాలో, తడిసి ముద్దయి, అదే తాళం వైపు చూస్తూ కూర్చొని ఉన్నది. నాన్నగారు దగ్గరకు పోలేదు. మెట్టు మీద, దానికి వీపు పెట్టి కూర్చున్నారు. డబ్బా మూత తీసి పక్కన పెట్టుకున్నారు. "ఏమే, వాళ్ళు రారే. నేను కూడా ఈ లైనులో ఎందరినో సాగనంపాను" అన్నారు, దానితోనో తనతోనో. అరగంట పట్టింది. అది వచ్చి డబ్బా వాసన చూసి, ఆయన చెయ్యి వాసన చూసి, ఆ చేతికి చెక్కిలి రుద్దింది. మోకాలి మీద చెయ్యి అలాగే ఉంచి కదలకుండా కూర్చున్న ఆయనను చూస్తే, ఈ క్వార్టర్లలోనే పుట్టి పెరిగి, సొంత ఊరంటే ఏదో చెప్పలేని మావంటివారి సంగతి నాకు తోచింది. ఎత్తుకుంటే ఈసారి రక్కలేదు.

మళ్ళీ అదే గది, అదే పెట్టె. కిటికీకి తమ్ముడు ఇనుప వల బిగించాడు. కొత్తచోట కనీసం మూడు నాలుగు వారాలు లోపలనే ఉంచాలన్న నియమం ఇటువంటి దగ్గరి ఇళ్ళ విషయంలో మరింత గట్టిగా పాటించాలి. మేము ఆరు వారాలకు పొడిగించాము. ఆ తరువాత భోజనానికి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, పది నిమిషాలు పెరట్లోకి వదిలి, పళ్ళెం చప్పుడు చేసి పిలవాలి. ఈ ఘట్టానికి నా సెలవు అయిపోయింది. మిగిలినది రాత్రివేళ ఫోనులో విన్నదే.

పిల్లికూనలను తెచ్చుకొనేవారికి ఒక మాట. పిల్లి తన కూనలను ఏడిళ్ళు తిప్పుతుందని మనమంటాము. ఒక్కొక్కదానినే నోట కరిచి మారుస్తుంది కనుక, ఒంటరిగా కనిపించిన కూనను వెంటనే అనాథగా భావించి ఎత్తుకురాకూడదు. కొన్ని గంటలు దూరం నుంచి గమనించాలి. ఎనిమిది వారాలు నిండేవరకు తల్లి దగ్గర ఉండడమే మేలు. తల్లి నిజంగా రాకపోతే ముందు ఒంటికి వెచ్చదనం, తరువాతే తిండి. చల్లబడిన కూనకు పాలు పోస్తే అరగదు. అదికూడా పిల్లికూనల కోసం చేసిన పాలపొడి, పశువైద్యుడు చెప్పిన కొలతలో.

జూలైలో ఇంట్లో మరొక వాదం నడిచింది. పుషికి శస్త్రచికిత్స చేయించడం పాపమని అమ్మ, చేయించకపోతే పాపమని తమ్ముడు. ఆడపిల్లి అయిదారు నెలల వయసుకే చూలు కట్టగలదు, రెండు నెలలకు ఈనుతుంది, ఏడాదికి రెండు మూడు ఈతలు. ఆ కూనలన్నీ ఏ వరండాలో ఎవరి తాళం వైపు చూస్తూ కూర్చుంటాయో ఆలోచించమన్నాడు. అమ్మ జవాబు చెప్పలేదు. ఆపరేషనైన రోజున మాత్రం సామాన్ల గదిలో కాక, తన మంచం పక్కన పక్క వేయించింది. పాన్‌ల్యూకోపీనియా, రేబిస్ టీకాలు అంతకుముందే వేయించారు.

పాత క్వార్టరులోకి ఆగస్టులో కొత్త కుటుంబం దిగింది. పుషి ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ గోడ ఎక్కి కాసేపు చూస్తుందట. ఆరయ్యేసరికి నాన్నగారి స్టవ్వు దగ్గర ఉంటుంది. పెద్దమ్మగారు ఫోను చేసినప్పుడు దాని చెవి దగ్గర పెట్టమంటారు. అది చెవి ఆడిస్తుంది గాని లేచి వెతకదట. ఆ సంగతి పెద్దమ్మగారికి అమ్మ ఎలా చెప్పిందో నేను అడగలేదు.

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం, ఆకలిదప్పులకు గురయ్యే స్థితిలో పెంపుడు జంతువును కారణం లేకుండా వదిలివేయడం నేరం. నాన్నగారికి చట్టం సంగతి పట్టదు. తమ్ముడికి కూడా ఎప్పుడో ఒకనాడు క్వార్టరు ఖాళీ చేసే రోజు వస్తుందని ఆయనకు తెలుసు. దీపావళి తరువాత పాత టేకు పలకలతో ఒక పెట్టె చేశారు. మూడు వైపుల గాలికి సందులు, పైన పట్టుకొనే పిడి, జారుతలుపు. బోగీ పనితనం పోలేదు. ఆ పెట్టె ఇప్పుడు ముందుగదిలో తలుపు తెరిచి ఉంటుంది. పుషి మధ్యాహ్నాలు అందులోనే నిద్రపోతుంది. ప్రయాణం రోజున మాత్రమే పెట్టె చూపిస్తే ఏ పిల్లీ ఎక్కదు. ముందునుంచే అది దాని పడకగా ఉండాలి. ఖరగ్‌పూర్ స్టేషను పలకల మీద పేరు బెంగాలీ, హిందీ, ఇంగ్లీషులలో ఉంటుంది. నాన్నగారు పెట్టె మీద తెల్లరంగుతో పుషి పేరు నాలుగు భాషలలో రాశారు. తెలుగు అన్నిటికంటె పైన ఉన్నదట. అక్షరాలు మేనకోడలివి.